మాట అందించే మనిషి

"నీకేమే, సైడు వింగులో స్టూలేసుకుని చదవడమేగా!" అన్నారు మా ఆయన, నేను ఆయన కోటు ఇస్త్రీ చేస్తుంటే. నాటకంలో ఆయనది భర్త వేషం. ఇంట్లోనూ అదే వేషం, కాకపోతే ఇంట్లో రిహార్సల్ అక్కర్లేదు. ఇస్త్రీ పెట్టె కాలరు మీద ఓ క్షణం ఎక్కువ ఆగింది. "చూసుకో, కాలుతుంది" అన్నారు. కాలేది కాలరు కాదని ఎలా చెప్పను?

మా ఆయన ఊళ్ళో సేవా క్లబ్బుకి అధ్యక్షులు. ఆ అధ్యక్షులవారి సేవకి ఇంట్లో ఇంకో క్లబ్బుంది, దానికి నేనొక్కదాన్నే సభ్యురాలిని, రాజీనామా చెల్లదు. రక్తదాన శిబిరంలో ఆయన ఏడాదికోసారి రక్తం ఇస్తారు, నాది మాత్రం రోజూ తాగుతారు. కంటి శిబిరానికి వచ్చిన డాక్టర్లందరికీ భోజనాలు మా వంటింట్లోంచే వెళ్ళాయి. ఫొటోలో నా మోచెయ్యొక్కటే పడింది, అదీ గరిటెతో. ఈ ఏడు చెవుడున్నవాళ్ళకి వినికిడి మిషన్లు కొనడం కోసం, ఊళ్ళో ఔత్సాహిక నాటక బృందం చేత క్లబ్బు నాటకం వేయిస్తోంది. "ఒక మిషను మనింట్లో కూడా ఉంచండి" అన్నాను. "ఎందుకు? అమ్మకి బాగానే వినపడుతుందిగా!" అన్నారు.

ఆ బృందంలో ఎవరికీ మాటలు నోటికి రావు. మందుల షాపాయన రాసి ఆడిస్తాడు. మా ఆయన, బ్యాంకు గుమాస్తా, డ్రిల్లు మాస్టరు ఆడతారు. పగలంతా ఉద్యోగాలు, సాయంత్రం రిహార్సల్లో సగం టీ, సగం వాదన. మాటలు గుర్తుపెట్టుకునే పని ఎప్పుడో నాకు వదిలేశారు. నేను వింగులోంచి మెల్లగా చదువుతాను. వాళ్ళు చెవి ఇటు పారేసి, విన్నది విన్నట్టు గట్టిగా అనేస్తారు. అర్థం కోసం ఎవరూ ఆగరు, ఆగితే తర్వాతి మాట జారిపోతుంది. జనం చప్పట్లు కొడతారు. "మావాడు నోరు విప్పితే ముత్యాలే" అంటారు మా అత్తయ్య. ముత్యాలు ఆయనవి, గుల్లని నేను.

అలాంటిది ఈసారి భార్య వేషం వెయ్యాల్సినావిడకి కాలు విరిగింది. "వదినా, మీరెయ్యండి. మాటలన్నీ మీకొచ్చుగా" అన్నాడు మందుల షాపాయన. కాలేజీలో దిగిన స్టేజీ, మళ్ళీ ఎక్కలేదు నేను. పెళ్ళైన కొత్తలో అడిగితే అత్తయ్య, "మొహానికి రంగేసుకుని ఇంటి పరువుకి మసి పూస్తావా?" అన్నారు. మా ఆయన, "వేషం కావాలా? వేషాలెయ్యకు" అన్నారు. పాత్ర అడిగినదానికి సింకు నిండా పాత్రలిచ్చారు. ఇన్నేళ్ళకి ఒకటి దొరికింది. చివరి అంకంలో భార్య భర్తని అడుగుతుంది, "నేనెవర్నండీ మీకు?" అని. ఆ ప్రశ్న పొయ్యిని అడిగాను, నానబెట్టిన బట్టల్ని అడిగాను, నేను పనిచేసే ఆఫీసు లిఫ్టులో ఎవరూ లేనప్పుడు అద్దంలో మనిషిని అడిగాను. అడిగినప్పుడల్లా ఊపిరి కాస్త లోపలికి వెళ్ళేది. కాస్తంత ఊపిరి విలువ ఎంతో మునిగిపోయేవాళ్ళకే తెలుస్తుంది.

నాటకం ఇంకో వారం ఉందనగా రిహార్సల్లో మా ఆయన స్టేజీ మీద రాయిలా నిలబడిపోయారు. వింగులో గుమాస్తా మాటందిస్తుంటే బ్యాంకులో టోకెను నంబరు పిలిచినట్టుంది. "నువ్విక్కడ నిలబడితే నాకు మాటెవరందిస్తారే? క్లబ్బు పరువేం కావాలి?" అన్నారు. "మీరు నేర్చుకోవచ్చుగా?" "నాకెక్కడ తీరిక? నీకంటే బోలెడు ఖాళీ ఉంటుంది." ఖాళీయే. లోపలంతా ఖాళీ అయిపోయింది. వేషం క్లబ్బు కోశాధికారి మరదలికి వెళ్ళింది. ఆ ప్రశ్న ఎలా అడగాలో ఆ పిల్లకి నేర్పించిందీ నేనే. నేర్పించి వచ్చి, బాత్రూంలో కుళాయి పూర్తిగా తిప్పి ఏడ్చాను.

హాలు నిండింది. చివరి అంకం వచ్చింది. "నేనెవర్నండీ మీకు?" అంది ఆ పిల్ల, అచ్చం నేను నేర్పినట్టే. మా ఆయన చెవి నా వైపు వంగింది. కాగితం మీద "నువ్వీ ఇంటి దీపానివి" అని ఉంది. చదవబోయాను. నోట్లోంచి ఇంకేదో వచ్చింది.

"ఏమో. ఎప్పుడూ చూడలేదు."

"ఏమో! ఎప్పుడూ చూడలేదు!" అన్నారాయన, చెయ్యి చాచి.

ఆపాలనుకున్నాను. నా నోరు నా మాట వినలేదు, ఇంట్లో మిగతావాళ్ళలాగే. "నీ మాటలన్నీ నా నోట్లో వేసుకుని బతికాను. నువ్వు లోపల చచ్చిపోతున్నా నాకు వినపడలేదు." ఆయన ఒక్క ముక్క వదల్లేదు. గొంతులో జీర కూడా తెచ్చారు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. నేను స్టూలు అంచు పట్టుకుని చూస్తున్నాను. ఇప్పుడర్థమవుతుంది, ఇప్పుడిటు తిరుగుతారు, ఇప్పుడు. ఆయన జనం వైపు తిరిగి వంగారు.

మేకప్ గదిలోకి మొదట అత్తయ్య వచ్చారు, "ఏడిపించేశాడే మావాడు!" అని కళ్ళొత్తుకుంటూ. ఆవిడ వెళ్ళాక మా ఆయన మొహం మీది రంగు తుడుచుకుంటూ అడిగారు.

"ఆ చివరి ముక్క అదిరిందోయ్! కాగితంలో లేదంటున్నాడు మందుల షాపాయన. ఎక్కడిది?"

"నాది."

"బావుంది. వచ్చే నెల నాటక పోటీలోనూ ఉంచేద్దాం. రాసి పెట్టు."

ప్రాణం తీసి నోట్లో పెడితే, ఉప్పు సరిపోయిందన్నారు. ఈయన దుర్మార్గుడైనా బావుండేది. దుర్మార్గుడికైనా ఎక్కడో తగిలేది.

"పెట్టను. పోటీలో భార్య వేషం నాది. ఆ ప్రశ్న నేనడుగుతాను. కాదంటే వింగులోకీ రాను" అన్నాను.

ఆయన నవ్వారు. "మరి నాకు మాటెవరందిస్తారే?"

"ఎవరూ అందించరు."

నవ్వు ఆగింది. ఆయనకంటే నాకే ఎక్కువ భయం వేసింది. నేనెవరో చెప్పడానికి, ఎవరూ అందించకపోతే, ఆయన దగ్గర సొంతంగా ఒక్క మాటైనా ఉంటుందా? ఉండదని నాకు తెలుసు. అయినా అడుగుతాను. ఆ మాట లేకపోవడాన్ని ఇన్నాళ్ళూ నేనొక్కదాన్నే విన్నాను. ఒక్కసారి ఊరంతా వినాలి.