రెండూ కావలసిన చీటీ

పటం మీద ఆయన వేలు బాణం గుర్తు దగ్గర ఆగింది. "నేనిప్పుడు రోగిని ఇంటికి పంపే చీటీని. డాక్టరుగారు ఇంటికి పొమ్మన్నారు. ఎటు పోవాలి?" అని ఆయన పైకే అనుకున్నాడు.

ఆసుపత్రి ఆఫీసులో ఆయన్ను అందరూ చీటీ బాబాయి అంటారు. ఏ పని తర్వాత ఏ పని జరగాలో చూపే పటాలను పాత పద్ధతి గుర్తుల నుంచి కొత్త పద్ధతి గుర్తుల్లోకి మార్చడం ఆయన ఉద్యోగం. ఈమధ్య ఆ మార్పిడి కంప్యూటరే చేస్తోంది. సరిచూసి సంతకం పెట్టడం ఆయన వంతు. రెండువందల పదకొండు పటాలు అయ్యాయి. ఇది చివరిది. ఉద్యోగంలో ఆయనకూ ఇదే చివరి రోజు.

పాత పటంలో దారి చీలే చోట ఒక గుండ్రం ఉంది. చీటీ మందుల గదికైనా పోవచ్చు, ఇంటికి దింపే బండి దగ్గరికైనా పోవచ్చు, రెండు చోట్లకూ పోవచ్చు అని దానర్థం. కంప్యూటరు అక్కడ ఇంటూ గుర్తు వేసిన డైమండు పెట్టింది. అంటే ఏదో ఒకటే. ఆయన వేలు మందుల గది దాకా వెళ్ళి, తిన్నగా గేటు దాటి బయటపడింది. బండి రాలేదు.

"బాబాయిగారూ, కంప్యూటరు తప్పేమీ చూపలేదుగా" అంది ఆఫీసరమ్మ. ఆమెకు ఆయన కూతురి వయసుంటుంది. "నాలుగింటికల్లా పంపాలి. రేపటి నుంచి వార్డుల్లో ఇదే నడుస్తుంది."

"గీతలన్నీ కలిశాయమ్మా, అందుకే దానికి తప్పు కనపడలేదు. కాలు విరిగినవాళ్ళ చేతిలో మందులు పెట్టి, నడిచిపొమ్మంటోంది."

"అలాంటివాళ్ళు ఎంతమంది ఉంటారు?"

"పదండి, చూసొద్దాం."

పై అంతస్తులో నర్సమ్మ దుప్పటి మడతపెడుతోంది. "మందులా, బండా అంటే ఏం చెప్పనండీ? అన్నమా, నీళ్ళా అన్నట్టుంది. ఈ వరుసలోనే ఆరుగురికి రెండూ కావాలి."

కిటికీ పక్క మంచం మీది ముసలామె తన పిండికట్టు కాలు చూసుకుంది. "నాకు మందులొద్దులే నాయనా, బండి ఇప్పించు."

ఆఫీసరమ్మ నవ్వబోయి ఆగింది.

రెండేళ్ళ క్రితం ఆ మంచం మీంచే ఆయన భార్య ఇంటికి వెళ్ళింది. ఒళ్ళో మందుల సంచి పెట్టుకుని, బండి కిటికీలోంచి దారంతా చూసింది. ఆ తర్వాత మూడు నెలలు బతికింది, ఇంట్లోనే. ఆ మాట ఆయన అక్కడ ఎవరికీ చెప్పలేదు.

కిందికొచ్చి, డైమండులో ఇంటూ తీసి గుండ్రం పెట్టాడు. గేటు ముందు దారులు మళ్ళీ కలిసే చోటా అదే మార్చాడు. నాలుగుకు పది నిమిషాలుండగా సంతకం చేశాడు.

"మిగతావాటిలో ఇలాంటివి ఉంటే?" అంది ఆఫీసరమ్మ.

"నేను చూసినంతలో లేవమ్మా. కానీ ఇవి అరవయ్యేళ్ళ కళ్ళు. మళ్ళీ చూస్తే తప్పేం లేదు."

ఐదింటికి కుర్చీ లోపలికి జరిపి, ఎప్పటిలాగే వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆఫీసరమ్మ మొదటి పటం తెచ్చుకుని ఆ కుర్చీలో కూర్చుంది. బల్ల సొరుగులో ఒక చెక్క స్కేలు దొరికింది. ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు అరిగిపోయి, అంచు మాత్రం వంకర లేకుండా ఉంది. దాన్ని మొదటి గీత కింద ఆనించింది.