అడగని బల్ల

ఆ బడిలో పొద్దున ఒక భాష, మధ్యాహ్నం ఇంకో భాష. పిల్లలు మొదటిదాన్ని ఇటు భాష అంటారు, రెండోదాన్ని అటు భాష అంటారు. ఇటు భాష ఊరివాళ్ళది. అటు భాష రేవులో పనికోసం ఓడలెక్కి వచ్చిన కుటుంబాలది. రెండింటికీ మధ్య భోజనం గంట. లెక్కలు ఇటు భాషలో చేసిన పిల్ల చేతులు కడుక్కుని, తిని, మూతి తుడుచుకుని, చరిత్ర అటు భాషలో చదువుతుంది. కాబట్టి ఆ బడికి నడుమెక్కడుందని ఎవరైనా అడిగితే భోజనాల గదిలో ఉందని చెప్పాలి.

ఆ గది పెత్తనం ముప్పై ఒక్క ఏళ్ళుగా వడ్డనమ్మది. ఆమె అసలు పేరు హాజరుపట్టీలో ఉంది కానీ, ఆ పేరుతో పిలిస్తే ఆమే వెంటనే పలకదు. చదివింది ఐదో తరగతి. రెండు భాషల్లోనూ వడ్డించగలదు, మందలించగలదు, జోల పాడగలదు. వ్యాకరణం జోలికి మాత్రం పోదు.

గదిలో పదకొండు పొడుగు బల్లలు, రెండో కిటికీ దగ్గర ఒక్క గుండ్రం బల్ల. ఆ గుండ్రం బల్ల వయసు బడి వయసే, నలభై ఏళ్ళు. బడి మొదలైంది రేవు పక్కన ఓడతాళ్ళు దాచే గోడౌన్లో, పద్నాలుగు మంది పిల్లలతో. ఇటువాళ్ళు ఏడుగురు, అటువాళ్ళు ఏడుగురు. మూడో నెలలో పదిహేనో పిల్ల వచ్చింది. ఆమెకు ఇటూ రాదు, అటూ రాదు. అన్నం దగ్గర కూర్చోగానే ఇద్దరు టీచర్లు చెరోవైపు చేరి, నీ పేరేంటి, ఇది ఇష్టమా, అది కావాలా అని చెరో భాషలో అడిగారు. పిల్ల చెంచా కింద పెట్టేసింది. మూడు రోజులు అదే తంతు. నాలుగో రోజు బడి పెట్టిన పెద్ద టీచరమ్మ ఓడతాడు చుట్టే చెక్క చక్రం ఒకటి దొర్లించుకొచ్చి, నాలుగు పెట్టెల మీద పడుకోబెట్టి, ఆ పిల్లను అక్కడ కూర్చోబెట్టింది. "ఇక్కడ కూర్చున్నవాళ్ళని ఎవరూ ఏమీ అడగకూడదు. పెట్టాలి. అంతే," అన్నది.

పెట్టెలు పోయి కాళ్ళు వచ్చాయి గానీ, పైచెక్క ఇప్పటికీ ఆ చక్రమే. దాని నడుమ ఉన్న కన్నంలో ఉప్పుడబ్బా సరిగ్గా పడుతుంది.

బల్లకి నియమం ఒక్కటే. కొత్తగా వచ్చిన పిల్లలు ఇష్టమైతే అక్కడ కూర్చోవచ్చు, ఎన్నాళ్ళయినా. ఏదో ఒక రోజు తమంతట తామే నోరు విప్పితే, మర్నాటి నుంచి పొడుగు బల్లలకు వెళ్ళిపోతారు. పెద్ద టీచరమ్మ దీనికో నోటుబుక్కు పెట్టింది. మొదటి తొమ్మిదేళ్ళు తనే రాసి, తర్వాత వడ్డనమ్మ చేతిలో పెట్టింది. అందులో మూడే గళ్ళు: గుర్తు, రోజులు, మొదటి మాట. పేర్లు లేవు. "పేరు రాస్తే పెద్దయ్యాక ఎవరో ఒకరు వెక్కిరిస్తారు. పేర్లు నీ కడుపులో దాచుకో," అని చెప్పింది. వడ్డనమ్మ దాచుకుంది.

ఈ ఏడు బడికి కొత్త ప్రిన్సిపాల్ వచ్చింది. ముప్పై ఆరేళ్ళ మనిషి, మాటకారి, పని మొదలుపెడితే వదిలే రకం కాదు. ఐదేళ్ళ నుంచి తొమ్మిదేళ్ళ దాకా ఈ బడిలోనే చదువుకుంది. ఒక రోజు భోజనాలయ్యాక చేతిలో కాగితంతో వడ్డనమ్మ దగ్గరికి వచ్చింది.

"వడ్డనమ్మా, ఇంకో పదిహేను రోజుల్లో గుర్తింపు కమిటీ వస్తోంది. ఈసారి భోజనాల గది కూడా చూస్తారట. తినేటప్పుడు పిల్లలు రెండు భాషల్లోనూ మాట్లాడుకుంటున్నారా లేదా అని."

"చూడనివ్వండి మేడమ్. మాట్లాడటం ఏంటి, రెండింట్లోనూ అరుస్తున్నారు."

"ఆ పదకొండు బల్లల గురించి నాకు దిగుల్లేదు. ఈ గుండ్రం బల్ల గురించే. ఆ పసుపు బూట్ల పిల్ల నలభై ఒక్క రోజులుగా నోరు విప్పలేదు. రెండు భాషల బడిలో ఒక్క భాషా రాని పిల్ల అని రాసుకుపోతారు. ఐదేళ్ళకిచ్చే గుర్తింపు ఏడాదికి కుదిస్తారు. బల్ల తీసేద్దాం. ఆ పిల్లని నాలుగో బల్లలో వాగుడుకాయల మధ్య కూర్చోబెడితే మాట అదే వస్తుంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు."

"అమ్మ పెట్టదేమో మేడమ్. నేను పెడతాను."

ప్రిన్సిపాల్ నవ్వింది. "మీతో గెలవలేను. కానీ నన్నే చూడండి. ఇక్కడే చేరాను కదా, నన్నెవరైనా ఈ బల్ల దగ్గర కూర్చోబెట్టారా? చేరిన రోజే రెండు భాషల్లో గలగలా మాట్లాడేశానట. మా అమ్మ ఇప్పటికీ చెప్పుకుంటుంది."

వడ్డనమ్మ చేతిలోని గరిటె తుడిచింది. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

ఐదేళ్ళ పిల్లగా ఈ ప్రిన్సిపాల్ చేరిన రోజు వేసుకున్న ఆకుపచ్చ స్వెటరు వడ్డనమ్మ కళ్ళ ముందుంది. ఉడకబెట్టిన దుంప తప్ప ఇంకేదీ ముట్టేది కాదు. మరో దుంప కావాలంటే ఒక్క వేలితో పళ్ళాన్ని రెండంగుళాలు ముందుకు తోసేది. అరవై నాలుగు రోజులు అలా తోసి తోసి, అరవై ఐదో రోజు "ఇంకోటి" అన్నది. ఇప్పుడా ముక్క చెబితే చాలు, బల్ల నిలుస్తుంది. అది నోటి చివరిదాకా వచ్చింది కూడా. వడ్డనమ్మ దాన్ని మింగి, వేరే మాట అన్నది.

"నాకు ఏడు పూటలివ్వండి మేడమ్. మీరే ఆ బల్ల దగ్గర ఏడు పూటలు భోంచెయ్యండి. నియమం అందరికీ ఒకటే. ఎవర్నీ అడగకూడదు, నోరు విప్పితే పొడుగు బల్లకి పోవాలి. ఎనిమిదో రోజు కూడా తీసెయ్యమంటే, మా మరిదితో మోయించి నేనే బయట పెట్టిస్తాను."

"ఏడు పూటలేనా?" అన్నది ప్రిన్సిపాల్, చేతికి చిక్కిన పందెంలాగా.

మరిది అంటే వంటాయన. వడ్డనమ్మ భర్తకు తమ్ముడు. వంటింటికీ భోజనాల గదికీ మధ్య ఉన్న కిటికీలోంచి అంతా విన్నాడు.

"వదినా, ఆవిడ ఏడు పూటలు నోరు కట్టేసుకుంటుందా? పొద్దున గంటకంటే ముందు ఆవిడ గొంతే వినపడుతుంది. గంట కొట్టేవాడు ఇంక నాతో పనేముంది అంటున్నాడు."

"నీ సంగతి నువ్వు చూసుకో. బఠాణీలు అడుగంటుతున్నాయి."

"ఆకుపచ్చ స్వెటరు అని ఒక్క ముక్క అంటే పోయేదానికి ఇదంతా ఎందుకంట? రోజూ రెండో దుంప ఉడకబెట్టింది నేనేగా, నాకు తెలీదా?"

"అంటే బల్ల మిగులుద్ది, నిజమే. కానీ ఇక్కడ కూర్చుంటే ముప్పై ఏళ్ళకైనా బయటపెడతారని తెలిశాక, ఇంకే పిల్ల కూర్చుంటుంది?"

మరిది కిటికీ వదిలి పొయ్యి వైపు తిరిగాడు. బఠాణీలు కలిపాడు.

మొదటి పూట ప్రిన్సిపాల్ పసుపు బూట్ల పిల్ల ఎదురుగా కూర్చుని నవ్వింది. కనుబొమలెత్తింది. బాగుందా అన్నట్టు తల ఊపింది. పిల్ల చెంచా ఆపేసింది. వడ్డనమ్మ సూపు పోస్తూ చెవి దగ్గర వంగి, "కళ్ళతో అడిగినా అడిగినట్టే మేడమ్," అన్నది. రెండో పూట ప్రిన్సిపాల్ చేతి గడియారం వైపు తొమ్మిది సార్లు చూసింది. లెక్కపెట్టింది మరిది.

మూడో పూట ఆమెకు చూడటానికి ఇంకేమీ మిగల్లేదు. గడియారం అయిపోయింది, కిటికీ అయిపోయింది. ఇక పిల్లనే చూసింది. పసుపు బూట్ల పిల్ల బఠాణీలను పళ్ళెం అంచున వరసగా పేర్చి, ఒక్కొక్కటే తింటోంది. వెనక నాలుగో బల్లలో కవల అన్నదమ్ములు అటు భాషలో ఏదో జోకు చెప్పుకుంటున్నారు. చివరి మాట ఇంకా రాకముందే పసుపు బూట్ల పిల్ల భుజాలు కదిలాయి. నవ్వుతోంది. కాసేపటికి అయిదో బల్ల నుంచి ఒకమ్మాయి ఇటు భాషలో, తన రొట్టె ఎవరో తీసేశారని అరిచింది. పిల్ల తల తిప్పలేదు. చూపు మాత్రం మెల్లగా ఆ అమ్మాయి ఒళ్ళోకి వెళ్ళింది. రొట్టె అక్కడే, చేతిరుమాలు కింద ఉంది.

ప్రిన్సిపాల్ తినడం మర్చిపోయింది. ఈ పిల్లకి అటు మాటా తెలుసు, ఇటు అబద్ధమూ తెలుసు. ఆ సంగతి ఎవరికైనా చెప్పాలని ఆమె నాలుక ఎంత తహతహలాడిందో ముఖం చూస్తే తెలిసింది. పెదాలు బిగబట్టుకుంది.

అయిదో పూట దుంపలు. ప్రిన్సిపాల్ పళ్ళెం ఖాళీ అయింది. వడ్డనమ్మ గిన్నెతో దగ్గర్లోనే ఉంది. అడగడానికి లేదు. ప్రిన్సిపాల్ గిన్నె వైపు చూసింది, గోడ వైపు చూసింది, తర్వాత ఒక్క వేలితో పళ్ళాన్ని ముందుకు తోసింది. రెండంగుళాలు.

వడ్డనమ్మ చెయ్యి గాల్లోనే ఆగింది. వంటింటి కిటికీలో మరిది దగ్గాడు. ఆమె ఒక దుంప వేసి, కాస్త ఆగి, అడక్కుండానే ఇంకోటి వేసింది.

ఆరో పూట పసుపు బూట్ల పిల్ల కన్నంలోంచి ఉప్పుడబ్బా తీసి ప్రిన్సిపాల్ పళ్ళెం పక్కన పెట్టింది. ఏడో పూట అయ్యాక ప్రిన్సిపాల్ లేచి, మామూలుగా అందర్నీ పలకరించే మనిషి ఎవర్నీ పలకరించకుండా ఆఫీసుకు నడిచింది.

ఎనిమిదో రోజు పొద్దున మరిది చేతులు తుడుచుకుంటూ వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు, మోయాలేమోనని.

"నీ నడుముకి పని లేదు, వెళ్ళు," అన్నది వడ్డనమ్మ.

"ఆమె చెప్పిందా?"

"ఇంకా రాలేదు. వస్తే ఆ మాటే చెప్తుంది."

ప్రిన్సిపాల్ వచ్చింది. "బల్ల ఉండనివ్వండి. కానీ కమిటీకి ఏం చెప్పాలో నాకింకా తెలీదు," అన్నది.

"చెప్పడమెందుకు మేడమ్? రెండు కుర్చీలెయ్యండి."

కమిటీ నుంచి ఇద్దరు వచ్చారు. పెద్దాయన కళ్ళజోడు సర్దుకుంటూ పదకొండు బల్లల చుట్టూ తిరిగాడు, తృప్తిగా ఏదో రాసుకున్నాడు. గుండ్రం బల్ల దగ్గర ఆగాడు.

"ఈ పాప ఏ భాషలో మాట్లాడుతుంది?"

"ఇంకా మొదలుపెట్టలేదండీ. రెండూ వింటోంది," అన్నది ప్రిన్సిపాల్. గొంతులో తడబాటు లేదు. "మీరూ కూర్చోండి. ఒక్క భోజనం చాలు. కానీ ఈ బల్ల దగ్గర ఎవర్నీ ఏమీ అడక్కూడదు. నేనూ ఏడు పూటలు కూర్చున్నాను."

ఆయన ఆవిడ ముఖంలోకి చూసి, హాస్యం కాదని తెలుసుకుని, కూర్చున్నాడు. రెండోవాడూ కూర్చున్నాడు. కవలలు ఆ రోజు కూడా తమ పని మానలేదు. పిల్ల నవ్వు వాళ్ళ మాటకంటే ఒక అడుగు ముందే వచ్చింది. పెద్దాయన కలం తీశాడు, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. భోజనం చివర్లో ప్రిన్సిపాల్ నోటుబుక్కు ఆయన ముందు పెట్టింది. నలభై ఏళ్ళు, రెండు వందల పన్నెండు మంది. అన్నిటికంటే ఎక్కువ తొంభై మూడు రోజులు. ఇప్పుడు కూర్చున్న పిల్ల వరస తప్ప మూడో గడి ఎక్కడా ఖాళీ లేదు.

గుర్తింపు ఐదేళ్ళకి వచ్చింది. పెద్దాయన ఉత్తరంలో చివరి వాక్యం, ఆ బల్లను మార్చవద్దని.

తర్వాతి వారం ప్రిన్సిపాల్ గంట కొట్టకముందే వచ్చి, గుండ్రం బల్ల దగ్గర రెండు మోచేతులూ ఆనించుకుని నోటుబుక్కు తిరగేస్తోంది. ఏడు పూటలయ్యాక కూడా ఆవిడకు ఆ చోటు వదలబుద్ధి కావడం లేదు.

"వడ్డనమ్మా, మా అమ్మ ఎంత చెప్పినా, ఒక్క రోజైనా నేనిక్కడ కూర్చునే ఉంటాను. నేను చేరిన ఏడాది ఐదుగురున్నారు. ఇదిగో, నీలం రిబ్బన్లు. ఒక్క రోజు. మొదటి మాట: కిటికీ తెరవండి. ఇది నేనే."

వడ్డనమ్మ గ్లాసులు సర్దుతోంది. నీలం రిబ్బన్ల పిల్ల పేరు ఆమె కడుపులో ఉంది, ఇంటి గుమ్మంతో సహా. "మీకు పనులు చెప్పడం ఇష్టమే కదా మేడమ్," అన్నది.

"ఈ ఆకుపచ్చ స్వెటరు ఎవరో గానీ, అరవై నాలుగు రోజులు. అన్ని రోజులాగి అన్న మాట చూడండి, ఇంకోటి అట. ఎవరో తిండిపోతు."

వంటింట్లో మూతేదో కిందపడి చాలాసేపు గిరగిరా తిరిగింది.

"మంచి ఆకలి మేడమ్," అన్నది వడ్డనమ్మ.

గంట మోగింది. పిల్లలు తోసుకుంటూ లోపలికి వచ్చారు. పసుపు బూట్ల పిల్ల పళ్ళెం పట్టుకుని గుండ్రం బల్ల దగ్గరికి వచ్చి ఆగింది. కిటికీ పక్కన తన చోటులో ప్రిన్సిపాల్ మోచేతులున్నాయి. పిల్ల ఆ మోచేతుల్ని చూసింది. నోటుబుక్కును చూసింది. కాసేపు ఓపిక పట్టింది.

"జరగండి," అన్నది.

ప్రిన్సిపాల్ నోరు తెరిచింది. వడ్డనమ్మ ఆమె వైపు చూసింది. ప్రిన్సిపాల్ నోరు మూసుకుని, నోటుబుక్కు తీసుకుని, జరిగింది. పిల్ల కూర్చుని బఠాణీలు పేర్చడం మొదలుపెట్టింది.

వడ్డనమ్మ కొంగుకు చెయ్యి తుడుచుకుని నోటుబుక్కు అందుకుంది. పసుపు బూట్లు. యాభై ఎనిమిది రోజులు. జరగండి.

ప్రిన్సిపాల్ ఆమె భుజం మీదుగా వంగి గుసగుసగా అడిగింది. "ఆ చప్పుట్లో నాకు సరిగా తెలియలేదు. ఏ భాషలో అన్నది?"

"దానికి ఇందులో గడి లేదు మేడమ్," అని వడ్డనమ్మ పుస్తకం మూసి, గిన్నె తీసుకుని వడ్డనకు వెళ్ళింది.