మంచం దాటిన పాదాలు

మా గోడ గడియారం పదకొండేళ్ళుగా ఫ్రిజ్ మీద వెల్లకిలా పడుకుని ఉంది. మాది అద్దె ఇల్లు. గోడకు ఒక్క మేకు కొట్టినా, పై అంతస్తులో ఉండే ఇంటావిడకి తన నెత్తి మీద కొట్టినట్టే వినిపిస్తుంది. చెప్పులు కూడా వేసుకోకుండా దిగి వచ్చేస్తుంది. అందుకని మా ఇంట్లో టైం చూడాలంటే ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి, మునివేళ్ళ మీద లేచి తొంగిచూడాలి. మా అమ్మాయైతే స్టూలెక్కాలి. సొంతిల్లు కావాలన్న నా కోరికంతా ఆ మేకులోనే ఉంది. నా గోడ, నా సుత్తి, నా ఇష్టం. అప్పుడెవరొచ్చి అడుగుతారో చూస్తాను.

ఆ కోరిక కోసం కంటి ఆసుపత్రి రిసెప్షన్‌లో కూర్చుని నేను, బస్సుల్లో టికెట్లు తనిఖీ చేస్తూ మా ఆయన, ఇన్నేళ్ళూ నోరు కట్టుకుని కూడబెట్టాం. కూడబెట్టిందంతా కలిపితే ఒక ఫ్లాటుకి అడ్వాన్సు అవుతుంది. అంతే, ఒక్క అడ్వాన్సు. రెండోసారి కూడబెట్టే ఓపిక మాకు లేదు.

మా ఆయన గురించి ఒక మాట చెప్పాలి. టికెట్ లేనివాణ్ణి వీపు చూసి పట్టేస్తాడు. కానీ అమ్మేవాడెవడైనా "సార్" అన్నాడంటే చాలు, వెన్నలా కరిగిపోతాడు. రసం తీసే మిషను, వీపు గోక్కునే కర్ర, చీకట్లో వెలిగే చెప్పులు, అన్నీ అలా వచ్చినవే. అన్నీ అటక మీదే ఉన్నాయి. ఆయన్ని ఆడిపోసుకోవడం నాకు చాలాకాలంగా మంచి కాలక్షేపం.

మా అత్తగారు ఇంకో రకం. ఆవిడ పెళ్ళయిన కొత్తలో మామగారితో వెళ్ళి, మోజుపడి ఒక పెద్ద టేకు మంచం కొన్నారట. బండి మీద ఊరేగించి తెచ్చాక చూస్తే, అది గుమ్మంలో పట్టలేదు. నిలువుగా పెట్టారు, అడ్డంగా పెట్టారు, తలుపు ఊడదీశారు. ఊహూఁ. కొన్న సరుకు వెనక్కి తీసుకోనన్నాడు కొట్టువాడు. వానాకాలమంతా మామగారు వరండాలో గొడుగు కింద ఆ మంచం మీద పడుకున్నారు, పంతం కొద్దీ. అప్పటినుంచి అత్తయ్య ఇంట్లో ఎలా వాడతామో కొట్లో అలా వాడి చూడందే ఏదీ కొనరు. కుర్చీ కొనాలంటే అందులో కూర్చుని బఠాణీలు ఒలుస్తారు. చెప్పులు కొనాలంటే అవి వేసుకుని కొట్టు మెట్లు ఎక్కి దిగుతారు. దీనికి ఆవిడ పెట్టుకున్న పేరు రిహార్సల్. బజార్లో కొట్లవాళ్ళు మమ్మల్ని దూరంనుంచి చూడగానే "రిహార్సల్ అమ్మగారు వస్తున్నారు" అని గొణుక్కోవడం నేను విన్నాను. నాకు తల తీసేసినట్టుండేది.

అబద్ధమెందుకు, ఈసారి బుట్టలో పడింది మా ఆయన కాదు, నేను.

కొత్తగా కడుతున్న ఆ భవనం ఇంకా ఇనుప చువ్వలతో ఆకాశం కేసి చూస్తోంది. కింద మాత్రం ఒక నమూనా ఫ్లాటు తయారుగా పెట్టారు. గత ఆదివారం మా ఆయనా నేనూ వెళ్ళి చూశాం. లోపల అడుగు పెట్టగానే నాకు ప్రాణం లేచొచ్చింది. తెల్లటి గోడలు. గోడల నిండా అద్దాలు. వంటింటి కిటికీలోంచి వెలుతురు ధారగా పడుతోంది. ఎంత పెద్ద హాలో! సోఫా, బల్ల, కుర్చీలు అన్నీ వేసినా ఇంకా నలుగురు పిల్లలు దాగుడుమూతలు ఆడుకునేంత చోటుంది. చూపించిన అబ్బాయి తన పేరేదో చెప్పాడు గానీ, నేను మనసులో చిరునవ్వు అని పెట్టుకున్నాను. ఇస్త్రీ చేసి తగిలించినట్టు ఆ నవ్వు చెక్కు చెదిరేది కాదు.

"ఇదే చివరి ఫ్లాట్ మేడమ్. వచ్చే ఆదివారం సాయంత్రం దాకా మీ కోసం ఆపుతాను. తర్వాత రేటు పెరుగుతుంది, నా చేతిలో ఉండదు" అన్నాడు.

"అడ్వాన్స్ కట్టాక మనసు మారితే?" అని అడిగాను. ఎంతైనా రిసెప్షన్‌లో పనిచేసేదాన్ని.

"అడ్వాన్స్ తిరిగి రాదు మేడమ్. కానీ ఇది చూశాక మనసు మార్చుకున్నవాళ్ళు ఇంతవరకు లేరు" అన్నాడు.

నాకు ఆ రెండో వాక్యమే వినిపించింది. వారమంతా గాల్లో తేలాను. గడియారం ఏ గోడకో కూడా తేల్చేసుకున్నాను.

ఆదివారం చెక్కు రాసి, సంతకం పెట్టి, చేతిసంచిలో పెట్టుకుని నలుగురం బయల్దేరాం. అత్తయ్య రానంటే బాగుండునని లోపల అనుకున్నాను. ఆవిడ అందరికంటే ముందు తయారై గుమ్మంలో నిలబడ్డారు, చేతిలో బఠాణీల సంచితో.

"అత్తయ్యా, అది ఎందుకిప్పుడు?"

"వంటిల్లు చూడాలి కదమ్మా" అన్నారు, ఇందులో అడగాల్సిందేముందన్నట్టు.

నమూనా ఫ్లాటులో మాతోపాటు ఒక కుర్ర జంట కూడా ఉంది. ఆ అమ్మాయి నిండు గర్భిణి. భర్త అప్పటికే కలం తీసి బల్ల దగ్గర కాగితాల మీద సంతకాలకి వంగాడు. నన్ను చూడగానే చిరునవ్వు ఎదురొచ్చాడు. "మేడమ్, మీ కోసం చివరి ఫ్లాట్ ఆపి ఉంచాను" అన్నాడు. మరి వీళ్ళు సంతకం పెడుతున్నది ఏ ఫ్లాటుకని నాకు చిన్న అనుమానం తగిలింది. కిటికీలోంచి వెలుతురు పడుతుంటే ఆ అనుమానాన్ని పక్కకి నెట్టేశాను.

చెక్కు తియ్యడానికి సంచి తెరిచాను. అంతలో మా అమ్మాయి కిసుక్కున నవ్వింది.

"అమ్మా, నానమ్మ పడుకుంది!"

పడకగదిలో, పట్టు దిండ్ల మధ్య, అత్తయ్య నిజంగానే చెప్పులు విప్పి, కొంగు కప్పుకుని, కళ్ళు మూసుకుని పడుకున్నారు. ఎంత సిగ్గు! ఆ కుర్ర జంట తొంగిచూస్తున్నారు. చిరునవ్వు మొదటిసారి కంగారు పడ్డాడు.

"అమ్మగారూ, అది డిస్‌ప్లే, పడుకోకూడదండీ..."

"ఏం, విరిగిపోతుందా?" అన్నారు అత్తయ్య కళ్ళు తెరవకుండానే.

నేను విసురుగా లోపలికి వెళ్ళాను. "లేవండి అత్తయ్యా, పరువు తీస్తున్నారు" అనబోయాను. అప్పుడు చూశాను. అత్తయ్య పాదాలు మంచం దాటి గాల్లో ఉన్నాయి.

అత్తయ్య నా భుజం దాకా కూడా రారు. మా అమ్మాయి స్కూలు కోటు ఆవిడకి సరిపోతుంది. ఇంట్లో మంచం మీద పడుకుంటే కాళ్ళ దగ్గర ఇంకో మనిషి కూర్చోవచ్చు. అలాంటి మనిషి తల దిండు మీద ఆనుకుని ఉంది, మడమలు మాత్రం అంచు బయట వేలాడుతున్నాయి.

"అమ్మాయ్," అన్నారు ఆవిడ తాపీగా, "ఈ వయసులో నేను పొడుగయ్యానంటావా?"

మా ఆయన వచ్చి ఆ పాదాల వంక, మంచం వంక చూశాడు. టికెట్ లేనివాడి వీపు కనిపించినప్పుడు ఆయన మెడ ఒక పక్కకి వాలుతుంది. ఇప్పుడూ అలాగే వాలింది.

"ఈ మంచం ఎక్కడ కొన్నారు?" అని చిరునవ్వుని అడిగాను.

"కొన్నది కాదు మేడమ్. డిస్‌ప్లే కోసం స్పెషల్‌గా చేయించారు."

"ఎవరి కొలతలకి?"

అతను నవ్వాడు. కానీ ఆ నవ్వుకి కాస్త ముడతలు పడ్డాయి.

గది పెద్దదిగా కనిపించాలని మంచం కురచగా చేయించారన్నమాట. ఆ గది నాకెంత నచ్చిందో నాకే తెలుసు. ఏడుపొచ్చింది. ఏడుపు వెనకాలే కోపం వచ్చింది. కోపం వస్తే నేను ఊరుకునే రకం కాదు. చేతిసంచి జిప్పు బర్రున మూసి చంకలో పెట్టుకున్నాను.

"సరే, పొద్దున ఏడయింది. అందరూ లేవండి. రిహార్సల్!" అన్నాను.

ఇన్నేళ్ళలో ఆ మాట నా నోట్లోంచి రావడం అదే మొదలు. అత్తయ్య ఒక్క ఉదుటున లేచి కూర్చున్నారు, ముఖమంతా వెలిగిపోతూ.

ఇక మొదలుపెట్టాం. అత్తయ్య వంటింట్లో బఠాణీలు ఒలవడానికి కూర్చున్నారు. నేను పొయ్యి దగ్గర నిలబడ్డాను. ఆవిడ మోకాళ్ళు నా పిక్కలకి తగిలాయి. పళ్ళెం పెడదామంటే గట్టు మీద చోటు లేదు. "ఫ్రిజ్ ఎక్కడ పెడతాం?" అన్నాడు మా ఆయన. అంత అందమైన వంటింట్లో ఫ్రిజ్ లేదన్న సంగతి మాకు అప్పుడు తట్టింది. ఆయన చేతులు బార్లా చాపి, తానే ఫ్రిజ్ అయి మూలన నిలబడ్డాడు. కిటికీ మూసుకుపోయింది. నా వెలుతురంతా ఆయన వీపు మీద పడింది.

"నీ కోటు తగిలించు" అన్నారు అత్తయ్య. ఆయన, సాయంత్రం డ్యూటీకని వేసుకొచ్చిన యూనిఫాం కోటు విప్పి బట్టల అలమరలో పెట్టబోయాడు. హ్యాంగరు నేరుగా పట్టలేదు. ఏటవాలుగా, అలిగిన మనిషిలా వేలాడింది.

"అమ్మా, నేను స్నానానికి వెళ్తున్నా" అంది మా అమ్మాయి, బాత్రూములోకి వెళ్ళి. "తలుపేదీ?"

అందరం చుట్టూ చూశాం. ఆ ఇంట్లో ఎక్కడా ఒక్క తలుపు లేదు. పడకగదికి లేదు, వంటింటికి లేదు, ఆఖరికి దానికి కూడా లేదు.

"ఓపెన్ లుక్ మేడమ్" అన్నాడు చిరునవ్వు, నుదురు తుడుచుకుంటూ.

"బాత్రూముకి కూడానా నాయనా?" అన్నారు అత్తయ్య.

గర్భిణి అమ్మాయి పకపకా నవ్వింది. మా ఆయన బాత్రూము గుమ్మంలో తలుపులా నిలబడి లోపలికి తిరిగాడు. తిరిగిన తలుపు వాష్‌బేసిన్‌కి కొట్టుకుని అక్కడే ఆగిపోయింది. లోపలున్న మనిషి బయటికి రావాలంటే బేసిన్ ఎక్కాలి.

అప్పుడు చిరునవ్వు నన్ను పక్కకి పిలిచి గొంతు తగ్గించాడు. "మేడమ్, మేనేజర్‌తో మాట్లాడతాను. మీకు మాత్రమే, రేటు బాగా తగ్గిస్తాను. ఇప్పుడే కట్టాలి."

అతను చెప్పిన రేటు విని మా ఆయన కళ్ళు మెరిశాయి. అబద్ధమెందుకు, నావీ మెరిశాయి. మునుపటి రేటులో చాలా తగ్గింది. చేతిసంచి మీద నా వేళ్ళు బిగుసుకున్నాయి. ఇంకో పదకొండేళ్ళు ఆ ఫ్రిజ్ మీదికి తొంగిచూడాలా? ఇంటావిడ అడుగుల చప్పుడు వినాలా? నేను అత్తయ్య వైపు చూశాను. ఆవిడ నిర్ణయం నాకే వదిలేసి, తన మానాన తాను తొక్కలు ఏరుకుంటున్నారు.

"బాబూ, సగానికి సగం తగ్గించినా మంచం పొడుగవదు" అన్నాను. నా గొంతు నేననుకున్న దానికంటే పెద్దగా వచ్చింది.

హాల్లోకి వచ్చేసరికి గర్భిణి అమ్మాయి అత్తయ్య చెయ్యి పట్టుకుంది. "అమ్మగారూ, నేనూ ఒకసారి పడుకుని చూడనా?" అంది. ఆ అమ్మాయి పాదాలు కూడా మంచం అంచు దాటాయి. ఆమె భర్త తెరిచిన కలానికి మూత పెట్టిన చప్పుడు టప్పున వినిపించింది. నేను ఎన్నో పాటలు విన్నాను గానీ, అంత తియ్యటి చప్పుడు ఎప్పుడూ వినలేదు.

బయటికి వచ్చాక నలుగురం రోడ్డు మీద నిలబడి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాం. చేతిసంచిలో చెక్కు భద్రంగా ఉంది. ఇల్లు లేదు, కానీ ఇల్లు కొనగల మనుషులం ఇంకా మేమే. ఆ రోజు నా చెక్కు నా చేత్తోనే చింపాను.

ఆ తర్వాత చాలా ఇళ్ళు చూశాం, ఒక్కదానికీ రిహార్సల్ మానలేదు. కొందరు ఇంటివాళ్ళు విసుక్కున్నారు, ఒకాయన పొమ్మన్నాడు. పొమ్మన్న ఇంట్లో ఏదో లొసుగుందని మాకు అర్థమయ్యేది. చివరికి ఒక పాత భవనంలో, రిటైరైన నర్సు ఒకావిడ తన ఫ్లాటు అమ్ముతోందని తెలిసి వెళ్ళాం. గోడలు పెచ్చులూడాయి. కిటికీలోంచి కనిపించేది ఎదుటివాళ్ళ ఆరేసిన బట్టలు. మా పద్ధతి చెబితే ఆవిడ, "పొద్దున్నే రండి, మధ్యాహ్నం దాకా ఉండి చూసుకోండి, టీ నేనిస్తాను" అంది. జోరుగా వాన కురుస్తున్న రోజు కావాలనే వెళ్ళాం. కప్పు కారలేదు. తలుపులన్నీ తిరిగాయి. కోటు నిటారుగా వేలాడింది. అత్తయ్య ఆవిడ మంచం మీద వాలి, ఉత్తుత్తిగా కాదు, నిజంగానే గురకపెట్టి నిద్రపోయారు. పాదాల అవతల ఇంకా బోలెడు చోటు మిగిలింది. నేను ఆ మిగిలిన చోటులో కూర్చుని, నర్సుగారితో బేరమాడి, ధరలో తగ్గించుకోవాల్సినంతా తగ్గించుకున్నాను.

ఆ ఫ్లాటు కొని అందులో దిగిన రోజు, పెట్టెలు విప్పకముందే నేను సుత్తి, మేకు తీశాను. మా ఆయన గడియారం తుడిచి తెచ్చాడు.

"ఆగు" అన్నారు అత్తయ్య. "ముందు పట్టుకుని చూపించు."

ఆయన గడియారాన్ని రెండు చేతులా గోడకి ఆనించి నిలబడ్డాడు. అత్తయ్య పొయ్యి దగ్గరికి వెళ్ళి చూశారు. నేను మంచం మీద పడుకుని చూశాను. మా అమ్మాయి బూట్లు వేసుకుంటూ గుమ్మంలోంచి చూసింది. "కాస్త ఎడమకి నాన్నా." "మరీ అంత కాదు." ఆయన చేతులు లాగేస్తున్నా కిక్కురుమనలేదు.

అందరికీ కనిపించే చోట గుర్తు పెట్టి మేకు ఆనించాను. ఒక్క దెబ్బకి గోడ దద్దరిల్లింది. అలవాటు కొద్దీ సుత్తి ఆపి, పైకప్పు కేసి చూశాను. ఎవరూ దిగి రాలేదు. అక్కర లేకపోయినా ఇంకో మూడు దెబ్బలు కొట్టాను.

గడియారం తగిలించి, వంటింట్లోకి వెళ్ళి, మడమలు నేలకి ఆనించే టైం చూశాను. పదీ పది.