డల్సీకి కనిపించని తప్పు

లాన్సెస్టన్‌లో పాత చేతివాచీలు పోగుచేసే వాళ్ల సంఘానికి ఒక ఆచారం ఉంది. నెలకోసారి చర్చి వెనక హాల్లో బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరుస్తారు. ఎవరైనా దాని మీద తమ వాచీ పెడితే, మిగతావాళ్లు కంటికి భూతద్దం తగిలించుకుని తప్పులు చెప్పాలి. మెచ్చుకోవడానికి మాత్రం వీల్లేదు. అందులో డల్సీ పాస్కో నోరు మరీ చేదు. ఇరవై ఏళ్లలో ఆవిడ చేత బాగుందనిపించుకున్న వాచీ ఒక్కటీ లేదు.

ఆ నెల వాళ్లు కలిసిన శనివారమే సంఘంలోని నెవిల్ పుట్టినరోజు. ఇన్నేళ్లూ ఆ హాల్లో అందరికీ టీలు పోసి, కేకులు కోసి పెడుతున్న అతని భార్య మావిస్, ఈసారి తనే వచ్చి గుడ్డ మీద చిన్న పెట్టె పెట్టింది.

"తెరువు నెవ్. నెల్లాళ్లుగా కనబడక వెతుక్కుంటున్న నీ ముద్దుల వాచీయే. మెల్‌బోర్న్ పంపి బాగుచేయించా."

తెరిచి చూసేసరికి నెవిల్ గుండె జారిపోయింది. యాభై నాలుగు నాటి స్విస్ వాచీ అది. డయలు ఏళ్ల తరబడి ఎండకి మాగి తేనె రంగు తిరిగి ఉండేది. ఆరు అంకె పక్కన టీ చుక్కంత మచ్చ ఉండేది. అలాంటిది ఇంకొకటి వెతికినా దొరకదు. ఇప్పుడది తెల్లగా కొత్త రంగు పూసుకుని మెరిసిపోతోంది. చుట్టూ ఉన్న లోహపు కేసు అంచులు కూడా సానబట్టి అరగదీశారు. ఈ పిచ్చి ఉన్నవాళ్లకి ఆ పాతదనమే ప్రాణం, ఇంతకన్నా ఘోరం లేదు.

మావిస్ ముఖం చేటంత అయింది. ఆ ముఖం చిన్నబోతే నెవిల్ చూడలేడు. వాచీ పోతే పోయింది, ఆవిడకి మాత్రం తెలియకూడదనుకున్నాడు. డల్సీ అప్పటికే భూతద్దం తగిలించుకుంది. నెవిల్ ఆవిడకి కళ్లతోనే దణ్ణం పెట్టాడు.

డల్సీ వాచీని అటూ ఇటూ తిప్పి చూసింది. గొంతు సవరించుకుంది.

"బాగుంది. వంక పెట్టడానికేం లేదు."

మావిస్ చేతిలోని కేకు కత్తి కింద పెట్టింది.

"ఒంట్లో బాగాలేదా డల్సీ?" అని, మొగుడి వైపు తిరిగింది. "నేనేం చేశాను నెవ్? నిజం చెప్పు."

నెవిల్ వేలితో ఆరు అంకె పక్కన చూపించాడు. "ఆ మచ్చ కోసమే కొన్నానే దాన్ని."

"అయ్యో! రోజూ పొద్దున్నే దాన్ని ముందేసుకుని నిట్టూర్చేవాడివి కదయ్యా! మచ్చ పడిందని కుమిలిపోతున్నావనుకున్నా."

"కుమిలిపోవడం కాదే, మురిసిపోవడం."

"రెండింటికీ ఒకటే మొహం పెడితే నాకెలా తెలుస్తుంది?" అంటూ నవ్వబోయి, ఏడ్చేసింది.

ఆవిడ ఏడిస్తే నెవిల్‌కి కాళ్లూ చేతులూ ఆడవు. గబగబా చొక్కా చెయ్యి మడిచి ముందుకు చాపాడు.

"పెట్టు."

"పెట్టుకుంటావా? గీత పడుతుందని, చెమట తగులుతుందని ఒక్కనాడైనా చేతికి పెట్టుకోలేదుగా!"

"అప్పుడు దాన్ని కాపాడ్డంతోనే సరిపోయింది. ఇక కాపాడేదేం ఉంది? పెట్టవే."

మావిస్ ముక్కు తుడుచుకుని పట్టీ బిగించింది. అది రెండుసార్లు జారిపోయింది. నెవిల్ ఓపిగ్గా నిలబడ్డాడు. మచ్చ పోయిన బాధ ఎక్కడికీ పోలేదు. కానీ ఆవిడ వేళ్ల కింద ఆ వాచీ వెచ్చగా ఉంది.

సాయంత్రం ఇంట్లో అతను గిన్నెలు తోముతుంటే మావిస్ కేకేసింది.

"వాచీ తియ్యవయ్యా, లోపలికి నీళ్లు పోతాయి!"

"పోనీ," అన్నాడు నెవిల్, చేతులు నురగలోకి ఇంకాస్త ముంచి. "మళ్లీ నువ్వే బాగుచేయిద్దువుగాని."