ఏ రంగు పైన

ఆరు మిషన్ల షాపు. మూడు వందల జెండాలకు నలుపు, పసుపు గుడ్డలు జోడించడం మధ్యాహ్నానికి అయింది. ఇక పై అంచున కర్ర దూర్చే మడత కుట్టాలి. కోడలి నడుము పొద్దుటే పట్టేసింది, అయినా లేవలేదు. ఈ ఆర్డరు పూర్తిచేస్తే పని ఖాయం చేస్తానని యజమాని మాటిచ్చాడు. మూలన ఆమె అత్త ఇస్త్రీ చేస్తోంది. ఇద్దరికీ ఈ షాపే ఆధారం.

"ఇంతకీ ఏ రంగు పైకి రావాలండీ?" అని అడిగింది కోడలు.

ఆర్డరిచ్చి, పని చూసుకోడానికి వచ్చి కూర్చున్న పాతజెండా సంఘం అధ్యక్షుడి వైపు చూశాడు యజమాని. పాత దొరల జెండాను వీధుల్లో కట్టకూడదని మునిసిపాలిటీ తీర్మానం చెయ్యబోతోందని విన్నప్పటినుంచి ఈ పెద్దమనిషికి నిద్ర లేదు. ఆ జెండా కోసం ప్రాణమిస్తానని వారంలో నాలుగు సభల్లో చెప్పాడు. ప్రాణం మాట దేవుడెరుగు, పైరంగు ఏదో మాత్రం చెప్పలేకపోయాడు. ఫోను తీశాడు. ఉపాధ్యక్షుడు నలుపన్నాడు. కార్యదర్శి పసుపన్నాడు. కోశాధికారి, ఏదైతే ఏం, ఎత్తుగా కట్టమన్నాడు. చరిత్రను కాపాడుతున్న వీరులు వీళ్లు.

"నలుపే పైన," అంది అత్త, ఇస్త్రీ ఆపకుండా. "దొరల మనుషులు మా వీధి ఖాళీ చేయించిన రోజు దీన్ని మా గుమ్మానికి కట్టారు. మా నాన్నని దాని కిందే నిలబెట్టి కొట్టారు. అప్పుడు నాకు ఆరేళ్లు."

అధ్యక్షుడి మొహం విప్పారింది. "చూశారా, పెద్దావిడకి ఎంత జ్ఞాపకమో. ఇలాంటివాళ్లు ఉండబట్టే మన చరిత్ర బతికుంది."

కొట్టిన సంగతి ఆయన చెవికి ఎక్కనే లేదు.

"చరిత్రని వద్దనను బాబూ," అంది అత్త. "అద్దాల బీరువాలో పెట్టండి, టికెట్టు కొనుక్కుని వచ్చి చూస్తాను. వీధిలో మాత్రం కట్టకండి."

"గుడ్డముక్కకి భయమేంటమ్మా?"

"గుడ్డముక్కే అయితే మీకింత పట్టుదల ఎందుకు?"

యజమాని గొంతు సవరించుకున్నాడు.

"ఇవి ఎక్కడ కడతారండీ?" అంది కోడలు.

"ముందు మీ వీధిలోనే, ప్రతి దీపస్తంభానికీ. తీర్మానం కావాలని అర్జీ పెట్టింది మీవాళ్లేగా. కాస్త తలెత్తి చూడనీ," అని నవ్వాడు అధ్యక్షుడు.

అత్త చెయ్యి ఒక్క క్షణం ఆగింది. "కుట్టెయ్యమ్మా," అంది, కోడలి వైపు చూడకుండా. "పని పోతే ఎక్కడికి పోతాం."

ఆ మాటకే కోడలికి ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ గుడ్డే కదా అని సరిపెట్టుకున్నందుకు తనమీద తనకే రోత పుట్టింది. సూది కిందనుంచి జెండా లాగేసి, లేచి కుర్చీ అధ్యక్షుడి వైపు తిప్పింది.

"నేను కుట్టను. రండి బాబూ, కూర్చోండి. మీ జెండా మీరే కుట్టుకోండి."

"రేపటినుంచి రానక్కర్లేదు, ఇద్దరూ," అన్నాడు యజమాని. అని, మిగతా ఐదు మిషన్ల వైపు చూశాడు.

ఒకటి ఆగింది. నాలుగు నడుస్తూనే ఉన్నాయి.