పై గడిలో కబురు

కూర్మారావు కీబోర్డును బోర్లించి వీపు మీద తట్టాడు. నిన్నటి దుమ్ము, ఒక వడ్లగింజ, విత్తనాలకు పట్టించే మందు తాలూకు గులాబీరంగు పొడి బల్ల మీద రాలాయి. తువ్వాలు కొసతో వాటిని తుడిచేసి, కీబోర్డును తిరగేసి, కాలు విరిగిన ఎడమ మూల కింద నీలం హవాయి చెప్పు ముక్కను సర్దాడు. వేలితో నొక్కి చూశాడు. ఊగలేదు. అప్పుడు కంప్యూటరు మీట నొక్కాడు.

ఆ చెప్పు ఆయన భార్య అమ్మన్నమ్మది. ఉంగటం తెగిపోయిన చెప్పును పారేయబోతూ ఆగి, కత్తిపీటతో మడమ వైపు ముక్క కోసి ఆమే ఇచ్చింది.

గుణుపురంలో ఏటి ఒడ్డు రైతుల సంఘానికి కూర్మారావే గుమాస్తా, కూర్మారావే కంప్యూటర్ ఆపరేటరు. మనిషి సన్నగా, కుడిభుజం కాస్త కిందికి దిగి ఉంటాడు. కళ్లజోడు ఒక పక్క దారంతో కట్టి ఉంటుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఆయన ఎరువుల బస్తాలకు రసీదులు రాస్తాడు. వానాకాలంలో మాత్రం ఒడ్డు ఒడ్డంతా ఆయన మాట కోసం చూస్తుంది. ఎగువన బిస్సమ్ కటక్ బజారులో కిరాణా కొట్టు నడిపే గున్నయ్య, కొండల మీద గట్టి వాన పడగానే ఫోను చేస్తాడు. ఆ కబురును కూర్మారావు సంఘం వెబ్‌సైటులో పెడతాడు. దిగువ రైతులు అది చూసుకుని, వంశధార ఒడ్డున దించిన నీటి ఇంజన్లను గట్టు మీదికి ఎక్కించుకుంటారు. ఇంజను మునిగితే ఆ ఏడాది పంట మునిగినట్టే.

ఈ రోజు ఆ వెబ్‌సైటును పాత వెర్షన్ నుంచి కొత్తదానికి మార్చాలి. పాతది ఇక భద్రం కాదని, ఈ సాయంత్రంతో ఆపేస్తామని సర్వరువాళ్లు ఎప్పుడో చెప్పారు. ఆ పని తెలిసిన మనీష రాయగడ నుంచి పొద్దున్న బస్సులో వస్తోంది. ఆఫీసు మెట్లెక్కినప్పటి నుంచి కూర్మారావుకు రొమ్ములో పట్టేసినట్టుంది. గ్యాస్ అనుకుని కాస్త వాము నమిలాడు.

మనీష తడిసిన చున్నీతో, పాలిథిన్ సంచిలో చుట్టిన లాప్‌టాప్‌తో వచ్చింది.

"బాబాయ్, ముందు కాపీ తీసి దాని మీద నడుపుతాను. ఏదన్నా తేడా వస్తే పాతది పాతలాగే ఉంటాది. పని అయ్యేదాకా మాత్రం పాతదాంట్లో కొత్త కబురు పెట్టకండి. పెడితే అది ఇటు రాదు."

"నువ్వెలగ సెప్తే అలగేనమ్మీ."

మధ్యాహ్నానికి కొత్త వెబ్‌సైటు తెర మీద వచ్చింది. సంఘం పేరు వచ్చింది. ఫోటోలు వచ్చాయి. విత్తనాల ధరలు వచ్చాయి. మనీష 'ఏటి కబుర్లు' అన్న చోట నొక్కింది. తెల్లగా ఖాళీ తెర. అంతే.

కూర్మారావు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. తెర మారలేదు. ఇన్నేళ్ల వానలు, ఇన్నేళ్ల వరదలు అందులో ఉన్నాయి. బిస్సమ్ కటక్‌లో ఇలాంటి వాన పడినప్పుడు నిరుడు నీరు ఎంతదాకా వచ్చిందో వెతుక్కుని, దాన్ని బట్టి ఇంజను ఎంత ఎత్తుకు చేర్చాలో తేల్చుకుంటారు రైతులు.

సంఘం కార్యదర్శి బిశ్వజిత్ గుమ్మంలో నిలబడ్డాడు. ఒడియా మనిషి, తెలుగు బాగానే మాట్లాడతాడు. తొందరలో మాత్రం సొంత భాష వచ్చేస్తుంది.

"హెబొ తొ, కూర్మబాబు? అవుతుందా? కాకపోతే వదిలేద్దాం. వాట్సాప్ గ్రూపు ఉంది కదా."

"గ్రూపులో ఏరొస్తందని పెడితే, నిమిషంలో దాని మీద గుడ్ మార్నింగు పువ్వులు పడిపోతాయి బాబూ. రైతు ఆ పువ్వులు ఏరుకుంటాడా, ఇంజను ఎక్కించుకుంటాడా?"

బిశ్వజిత్ నవ్వాడు. గ్రూపులో పువ్వులు పెట్టేది ఎక్కువగా ఆయనే.

మనీష పాత కబుర్లను ఒక్కొక్కటే తెరిచి చూస్తోంది. ఉన్నట్టుండి కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"బాబాయ్! ఏటిది? లోపల ఒక్క ముక్కా లేదు. కబురంతా హెడ్డింగు గడిలోనే రాసీసేరు!"

"అవును. అన్నీ అలగే."

"అందికే! లోపల ఏటీ లేదని కొత్తది వీటిని ఖాళీ కాగితాలనుకుంది. ఒక్కటీ తేలేదు. ఇలగ రాయమని ఎవరు నేర్పేరు మీకు?"

"మీ పిన్ని."

మొదటి ఏడాది ఆయన పై గడిలో 'గమనిక' అని రాసి, కబురు లోపల రాసేవాడు. ఓ సాయంత్రం అమ్మన్నమ్మ నాట్లు వేసి ఇంటికి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా గుమ్మంలో నిలబడింది. "నా సేతుల్నిండా మట్టి. ఆ ఫోను అద్దం మీద ఏలెట్టి తెరవాలంటే ఎలగ? ఆ సెప్పేదేదో పైనే సెప్పీరాదా? మడిలో ఉన్న మనిషి తొంగి సూస్తే సాలాల." మర్నాటి నుంచి ఆయన లోపలి గడి ముట్టలేదు.

ఆమె పోయి రెండు వానాకాలాలైంది. మనీష కిందికి జరుపుతున్న వరసలో ఒక కబురు దగ్గర ఆయన చూపు ఆగింది. 'ఎగువ వాన తగ్గింది. ఏరు నిలకడగా ఉంది. భయం లేదు.' శ్మశానం నుంచి తిరిగి వచ్చి, స్నానం చేసి, ఇదే కుర్చీలో కూర్చుని రాసిన కబురు. మనీషకు ఆ సంగతి చెప్పలేదు. ఆమె వేలు దాన్ని దాటిపోయింది.

"దొరికింది కదా, ఇక సులువే," అంది మనీష. కబుర్లన్నీ లోపలి గడిలోకి పంపి, పై గడిలో తేదీ మాత్రం ఉంచి మరోసారి నడిపింది. ఈసారి అన్నీ వచ్చాయి. కూర్మారావు తన ఫోనులో తెరిచాడు. పైనుంచి కిందికి తేదీలే కనిపించాయి.

ఆయన లేచి బయటికి వెళ్లాడు. వసారా కింద వాన నీటిలో వేళ్లు ముంచి, ఇంత బురద పూసుకుని వచ్చి, ఫోను మనీష ముందు పెట్టాడు. తేదీ మీద వేలితో నొక్కాడు. తెరుచుకోలేదు. మళ్లీ నొక్కాడు. అద్దం మీద బురద పాకింది గాని కబురు రాలేదు.

మనీష పకపకా నవ్వింది. నవ్వుతూనే లాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది. "అర్థమైంది బాబాయ్. లోపలా ఉంటాది, పైనా ఉంటాది. ఇంకోసారి నడుపుతాను."

అప్పుడే గున్నయ్య ఫోను.

"బావా, ఇక్కడ కొండ కనబడ్డం మానీసింది. వాగు ఎర్రగా దిగుతోంది. ఏటి సేస్తన్నావు? పొద్దున్నుంచి నీ కబురే లేదు!"

"ఇల్లు మారతన్నాం బావా. సిటం ఆగు."

ఫోను పెట్టేసి ఆయన నిలబడే ఉన్నాడు. పాతదాంట్లో పెట్టకూడదు, కొత్తది ఇంకా తయారు కాలేదు. తెలిసిన నలుగురికి ఫోను చేసి చెప్పాడు. ఒడ్డంతా ఎవరికని చేస్తాడు? తెర మీద ఆకుపచ్చ గీత ఓపిగ్గా సాగుతోంది. రొమ్ములో పట్టు భుజం దాకా పాకింది. దాన్ని అరచేత్తో రుద్దుకుంటూ ఆయన ఆ గీతనే చూశాడు.

గీత చివరికి చేరింది. మనీష 'ఏటి కబుర్లు' నొక్కింది.

వచ్చాయి. ముందు నిరుటి వానలు, వాటి కింద మొన్నటేడువి, ఇంకా కింద మొట్టమొదటి ఏటివి. ఏ వాన మాట ఆ వానదే, ఎక్కడా విరగకుండా, పై గడిలోనే నిలబడి ఉన్నాయి. మనీష లేచి కుర్చీ ఆయనకిచ్చింది. "కొత్తదాంట్లో మొదటి కబురు మీరే పెట్టాల."

కూర్మారావు రెండు చూపుడువేళ్లతో కొట్టాడు. 'బిస్సమ్ కటక్ కొండల్లో గట్టి వాన. వాగు ఎర్రగా దిగింది. చీకటి పడకముందే ఇంజన్లు ఎక్కించుకోండి.'

బురద ఇంకా ఆరని ఫోనులో, వేలు పెట్టకుండానే, ఆ అక్షరాలు పైకి వచ్చి నిలిచాయి.

కాసేపటికి ఫోను మోగడం మొదలైంది. మొదట గురమ్మ. ఒడ్డున ఒంటిచేత్తో సేద్యం చేసుకునే మనిషి.

"కూర్మన్నా! ఇంజను ఎక్కించీసేను. పక్కోలదీ ఎక్కించీసేను. నా కొడుకు కన్నా నీ మెసినే నయం, ఏలకి పలుకుతాది!"

"నీ కొడుక్కి కూడా కొత్త వెర్షను ఏయించు, గురమ్మా."

అవతల ఆమె నవ్వు గది మొత్తానికి వినిపించింది. ఒకరి తర్వాత ఒకరు చేశారు. ఎక్కించేశాం. ఎక్కించేశాం. బిశ్వజిత్ వేడి పకోడీల పొట్లంతో వచ్చి, తెర చూసి చేతులు పైకెత్తాడు. "హెలా! అయిపోయింది! కూర్మబాబు, హెలా!" ఆ సందడిలో పాత వెర్షన్ ఎప్పుడు ఆగిందో ఎవరూ చూడలేదు.

కూర్మారావు ఒక పకోడీ తుంచి సగం పక్కన పెట్టాడు. ముఖం అలిసిపోయింది గాని కళ్లు మెరుస్తున్నాయి.

"సిటం నడుం వాలుస్తానమ్మీ. ఫోనొస్తే నువ్వెత్తు."

విత్తనాల బస్తాల పక్కన బల్ల మీద, తువ్వాలు చుట్టి తలకింద పెట్టుకుని పడుకున్నాడు. మనీష ఫోను ఎత్తుతూనే ఉంది. ఎక్కించేశామన్న ప్రతి మాటకూ ఆయన వైపు తిరిగి చెయ్యి ఊపింది. మొదట్లో ఆయన తల ఆడించాడు.

టీ వచ్చింది. గున్నయ్య మళ్లీ ఫోను చేసి, వాన ఇంకా గట్టిపడిందని చెప్పాడు. మనీష టీ గ్లాసు పట్టుకుని బల్ల దగ్గరికి వెళ్లింది.

"బాబాయ్, మళ్లీ వానట. లేవండి, రాద్దురుగాని. బాబాయ్."

ఆయన చెయ్యి మెత్తగా ఉంది. పట్టుకుంటే వచ్చింది, వదిలితే పడింది. ముక్కు దగ్గర వేలు పెడితే ఊపిరి తగల్లేదు.

బిశ్వజిత్ ఆటో పిలిచాడు. పక్క కొట్లవాళ్లు వచ్చి, నలుగురు కలిసి ఎత్తి ఆసుపత్రికని కూర్చోబెట్టారు. ఆటో వీధి మలుపు తిరిగేదాకా మనీష వసారాలో నిలబడింది. లోపల ఫోను మోగుతోంది.

వచ్చి ఆయన కుర్చీలో కూర్చుంది. చున్నీతో కళ్లు తుడుచుకుని, లాప్‌టాప్ పక్కకు జరిపి, ఆయన కీబోర్డు మీద చేతులు పెట్టింది. పై గడిలో రాసింది. 'ఎగువ మళ్లీ వాన. ఏరు ఇంకా పెరుగుతుంది. ఇంజన్లు మరికాస్త పైకి జరపండి. ఒడ్డుకు ఎవరూ దిగొద్దు.'

మీట గట్టిగా నొక్కి కబురు పంపింది. కీబోర్డు మాత్రం ఊగలేదు. ఎడమ మూల కింద, మడమ ఆనిన చోట చిన్న గుంటతో, ఆ నీలం చెప్పు ముక్క ఆయన పొద్దున్న సర్దినట్టే ఉంది.