సందులో మిషను

సూరత్‌లోని పాండేసరలో ఎల్లవ్వ రోజూ ఎనభై మంది మిల్లు కార్మికులకు భోజనం వండి, తోపుడుబండి మీద తీసుకెళ్ళేది. బండి బయటికి రావాలంటే ఒక్కటే దారి. తన ఇంటికీ పక్కింటి సోమలింగం ఇంటికీ మధ్య ఉన్న ఉమ్మడి సందు. అందులో సోమలింగం ఎంబ్రాయిడరీ మిషను పెట్టాడు. తీసేస్తానని కులపెద్దల ముందు ఒకసారి, స్టాంపు కాగితం మీద ఇంకోసారి ఒప్పుకున్నాడు. రెండుసార్లూ వారం తిరక్కుండానే మళ్ళీ పెట్టాడు. ఎల్లవ్వ కోర్టుకెక్కింది.

వాయిదా రోజు కోర్టు వరండాలో సోమలింగం ఎదురొచ్చాడు.

"వదినె, మిషను తీస్తా. ఇగో, రాజీ కాగితం మీద సంతకం గూడ జేసిన. నువ్వు కేసు వాపస్ తీసుకో. లోపలికి పోవుడెందుకు?"

ఎల్లవ్వకు ప్రాణం లేచొచ్చింది. సరేననబోయింది. వకీలు మధులత ఆమెను పక్కకు పిలిచింది.

"కేసు తీసేస్తే ఇదీ పాత కాగితం లాంటిదే అవుతుందమ్మా. ఈ రాజీనే జడ్జిగారి ముందు పెడదాం. ఆయన ఒప్పుకుంటే కోర్టు డిక్రీ అవుతుంది. అప్పుడు మాట తప్పినా కొత్తగా కేసు వేయక్కర్లేదు, అమలు చేయమని అడిగితే చాలు."

"కోర్టోళ్ళే వచ్చి తీయిస్తరా?"

"తీయిస్తారు."

ఎల్లవ్వ గిరుక్కున తిరిగింది. "సోమలింగం, గదే మాట లోపల జెప్పు!"

లోపల జడ్జి షరతులన్నీ హిందీలో చదివించి, ఎవరైనా బలవంతం చేశారా అని ఇద్దర్నీ అడిగాడు.

"లేదు సాబ్, నా మర్జీతోనే," అంది ఎల్లవ్వ. సోమలింగం కూడా తలూపాడు. జడ్జి సంతకం పెడుతుంటే ఆమె ఆ కలాన్నే రెప్ప వేయకుండా చూసింది.

మిషను పోయింది. దీపావళి ఆర్డర్లు రాగానే మళ్ళీ వచ్చింది. ఈసారి ఎల్లవ్వ గొడవ పడలేదు. తిన్నగా మధులత దగ్గరికి పోయి అమలు దరఖాస్తు వేయించింది. నోటీసులు వెళ్ళినా సోమలింగం కదల్లేదు. ఒక ఉదయం పది గంటలకు కోర్టు ఉత్తర్వులు అమలు చేయించే బెయిలిఫ్ ఇద్దరు పోలీసులతో సందులోకి అడుగుపెట్టాడు. వాడంతా బయటికొచ్చింది.

"రెండు దినాలు టైమియ్యుండ్రి సాబ్!" అన్నాడు సోమలింగం.

"ఒక్క గంట," అన్నాడు బెయిలిఫ్ గడియారం చూస్తూ. "నువ్వు తీస్తావా, నన్ను తీయించమంటావా?"

సోమలింగం తానే పానా పట్టి బోల్టులు విప్పాడు. నలుగురు మనుషులు మిషను ఎత్తి లోపలికి మోసుకుపోతుంటే వాడవాళ్ళు ఈలలు వేశారు. ఎల్లవ్వ గడప పట్టుకుని నిలబడింది. నవ్వొస్తోంది, కళ్ళు తడుస్తున్నాయి.

ఎదురింటి అనురాధ గుంపును తోసుకుంటూ వచ్చింది. భర్తతో ఆమె విడాకుల కేసు ఇంకా నడుస్తోంది.

"అక్కా, ఐతారం ఐతారం పిల్లల్ని పంపుతనని మా ఆయన కాగితం రాసిచ్చిండు. పంపుతలేడు. మాది గూడ గిట్లయితదా?"

"ఆ కాగితం జడ్జి ముందట పెట్టిన్రా?"

"లే."

ఎల్లవ్వ అప్పటికే మధులత నంబరు నొక్కుతోంది. "కాగితం పట్టుకురాపో, అనురాధా! జల్ది!"